కె.కె.నీలకంఠన్

కె.కె.నీలకంఠన్ (ఏప్రిల్ 15, 1923 - జూన్ 14, 1992) కేరళకు చెందిన సుప్రసిద్ధ పక్షి పరిశీలకుడు, ఆంగ్ల సాహిత్య ఆచార్యుడు, మలయాళ రచయిత. ఇందుచూడన్ అనే కలం పేరుతో పక్షులను గురించి ఈయన వ్రాసిన రచనలు కేరళలో పక్షి పరిశీలనకు పునాది వేశాయి. 1958లో వెలువడిన కేరళత్తిలె పక్షికళ్ (కేరళలోని పక్షులు) ఈయన ప్రసిద్ధ గ్రంథము. తెలుగువారికి ఈయన మరొక కారణముగా గుర్తుంచుకోదగినవాడు. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామములో గూడబాతులు గూళ్ళు కట్టుకొని పిల్లలను పెంచే స్థావరమును 1946లో గుర్తించి, దానిని శాస్త్రలోకానికి మొదటగా తెలియజేసినవాడు నీలకంఠనే. ఆ స్థావరము తరువాతి కాలములో అంతరించింది. ఒకప్పుడు అక్కడ అటువంటిది ఉండేదని చెప్పే ఆధారాలలో ఈయన వ్యాసము ముఖ్యమైనది.

తొలి జీవితము

నీలకంఠన్ 1923లో పాలక్కాడు ప్రాంతములో జన్మించాడు. ఆ ప్రాంతము అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని మలబారు జిల్లాలో భాగము. పడమటి కనుమల మధ్యనున్న విశాలమైన కనుమదారికి పాలక్కాడు ప్రసిద్ధి. వరి పొలాలు, తాటిచెట్లు, వాగులు, వాటి వెనుక కొండ అడవులు అక్కడి ప్రకృతి స్వరూపము. గోదావరి డెల్టా ఆంధ్రదేశానికి ఎలా ధాన్యాగారమో, పాలక్కాడు కేరళకు అటువంటిది.

ఈయన ఆంగ్ల సాహిత్యము అభ్యసించి, ఆ సాహిత్యాన్నే బోధించే అధ్యాపకుడయ్యాడు. జంతుశాస్త్రము ఈయన వృత్తి కాదు. పక్షులను చూడడము, చూచినది వ్రాసి ఉంచుకొనడము జీతము కోసము కాక ఇష్టము కొద్దీ చేసిన పని. ఆ పనిని జీవితాంతము సాగించాడు.

కలం పేరు విషయము కూడా చెప్పుకోదగినది. నీలకంఠుడు శివుని పేరు. ఇందుచూడుడు, అనగా చంద్రుని తలపై ధరించినవాడు, అన్నదీ శివుని పేరే. ఆ విధముగా తన పేరుకు పర్యాయపదాన్నే ఈయన కలం పేరుగా ఎంచుకున్నాడు.

ఆనాటి పక్షి పరిశీలన

నీలకంఠన్ కృషిని అర్థము చేసుకొనడానికి అంతకు ముందున్న పరిస్థితిని కొంత తెలుసుకోవాలి. భారతదేశ పక్షులను గురించిన తొలి శాస్త్ర గ్రంథాలు బ్రిటిషు అధికారులు, సైనిక వైద్యులు వ్రాసినవి. వారిలో ముఖ్యుడైన థామస్ కేవర్‌హిల్ జెర్డాన్ (1811-1872) నెల్లూరులో వైద్యునిగా పనిచేశాడు. ఈయన భారతదేశ పక్షులపై వ్రాసిన గ్రంథము 1862-64 మధ్య వెలువడింది. కర్ణాటక ప్రాంతములో, అనగా తమిళ, తెలుగు తూర్పు తీరములో, ఒక ఊరి నడుమ చెట్లపై గూడబాతులు మనుషులకు భయపడకుండా గూళ్ళు కట్టుకొనడము తాను చూచినట్లు జెర్డాన్ ఆ గ్రంథములో నమోదు చేశాడు.

ఆ కాలములో పక్షిని గుర్తించడమంటే తుపాకితో కొట్టి, చర్మము తీసి, సంగ్రహాలయానికి పంపడమే. 1883లో స్థాపించబడిన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము తన పత్రిక ద్వారా మరొక మార్గము తెరిచింది. అటవీ ఉద్యోగులు, తోటల యజమానులు, ఉపాధ్యాయులు ఎవరైనా తాము చూచిన సంగతులను ఆ పత్రికకు పంపవచ్చును. 1941లో సలీం అలీ వ్రాసిన భారతీయ పక్షుల పుస్తకము వెలువడిన తరువాత దుర్భిణి, నోటు పుస్తకము ఉన్న ప్రతివాడూ తుపాకి లేకుండానే పక్షులను గుర్తించగల అవకాశము కలిగింది. నీలకంఠన్ యౌవనము సరిగా ఈ మార్పు కాలములో గడిచింది.

గూడబాతు

గూడబాతును ఆంగ్లములో పెలికాన్ అంటారు. మన ప్రాంతములో గూళ్ళు కట్టే జాతి మచ్చల ముక్కు గూడబాతు. దీని శాస్త్రీయ నామము పెలికానస్ ఫిలిప్పెన్సిస్. ముక్కు పైభాగపు అంచు వెంబడి ఉండే నల్లని మచ్చలను బట్టి ఆ పేరు వచ్చింది. కొలతలో ఇది ఒకటింబావు మీటరు నుండి ఒకటిన్నర మీటరు వరకు ఉంటుంది. బరువు సుమారు 4 నుండి 6 కిలోలు. క్రింది ముక్కుకు వ్రేలాడే తోలుసంచితో నీటితో సహా చేపలను తోడి, నీటిని వదలివేసి చేపలను మింగుతుంది. చేలకు నీరు తోడడానికి రైతులు వాడే గూడను ఆ సంచి గుర్తుకు తెస్తుంది.

ఈ పక్షులు ఒంటరిగా గూడు కట్టవు. అక్టోబరు నుండి మే వరకు గల కాలములో పదులు, వందల సంఖ్యలో ఒకేచోట చేరి ఎత్తైన చెట్లపై పుల్లలతో గూళ్ళు కట్టుకుంటాయి. సాధారణముగా 3 లేదా 4 గ్రుడ్లు పెడతాయి. నెలరోజులు పొదిగిన తరువాత పిల్లలు బయటకు వస్తాయి. అవి స్వతంత్రముగా ఎగరడానికి ఇంకా 3 నుండి 5 నెలలు పడుతుంది. ఆ కాలమంతా తల్లిదండ్రులు చేపలు తెచ్చిపెట్టాలి. కనుక గూడబాతుల స్థావరానికి రెండూ కావాలి. గూడు కట్టడానికి ఎవరూ నరకని చెట్లు ఒకటి, ఎగిరి వెళ్ళి రాగల దూరములో చేపలు సమృద్ధిగా ఉన్న నీరు రెండవది. ఈ రెండింటిలో ఏది లోపించినా పక్షులు ఆ చోటు విడిచిపోతాయి.

ఇటువంటి పెద్ద స్థావరాలు ఎంత త్వరగా మాయమవుతాయో చెప్పడానికి బర్మాలోని సిట్టాంగ్ నది ఒక ఉదాహరణ. 1877లో యూజీన్ ఓట్స్ అక్కడ లెక్కకు అందనన్ని గూడబాతులు గూళ్ళు కట్టడము చూచాడు. 1930ల చివరికి అక్కడ ఆ స్థావరము లేదు. శాస్త్రీయ నామములో ఫిలిప్పీన్స్ పేరు ఉన్నప్పటికీ ఆ దేశములో కూడా ఈ పక్షి అంతరించిపోయింది.

ఆరేడు స్థావరము

ఆరేడు గ్రామము ఉండికి సమీపములో, కొల్లేటి సరస్సుకు తూర్పు వైపున ఉన్నది. ఉత్తరాన తాడేపల్లిగూడెము, ఆగ్నేయాన భీమవరము, పడమట ఆకివీడు దాటితే కొల్లేటి నేల. 1852లో ధవళేశ్వరము వద్ద గోదావరిపై ఆనకట్ట పూర్తి అయిన తరువాత ఈ ప్రాంతమంతా కాలువలతో, వరిచేలతో నిండింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరుల నీరు కొల్లేటిలో చేరి, ఉప్పుటేరు ద్వారా సముద్రములో కలుస్తుంది. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ లోతు తక్కువైన ఈ మంచినీటి సరస్సు చేపలకు, పక్షులకు నిలయము. ఊళ్ళో చెట్లు, చేరువలో చేపలు ఉన్న ఈ నేల గూడబాతులకు తగిన చోటు.

1946లో నీలకంఠన్ ఈ స్థావరమును గుర్తించినప్పుడు ఈయన వయసు 23 సంవత్సరాలు. మలబారు, గోదావరి జిల్లాలు రెండూ అప్పుడు ఒకే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అయినా భాష వేరు, నేల వేరు. ఆ ఊరివారికి ఈ పక్షులు కొత్తవి కావు. ఊరివారికి తెలిసిన విషయము పుస్తకాలలో లేదు. ఈ లోపాన్ని పూరించడమే నీలకంఠన్ చేసిన పని.

తన పరిశీలనలను ఈయన ఒక దక్షిణ భారత గూడబాతుల స్థావరము అనే అర్థము వచ్చే శీర్షికతో వ్యాసముగా వ్రాశాడు. అది 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము వారి పత్రిక 48వ సంపుటములో ప్రచురితమైంది. ఈ పక్షి సంతానోత్పత్తిని గురించి ఆ తరువాత వ్రాసిన శాస్త్రజ్ఞులు ఈ వ్యాసమును ప్రమాణముగా పేర్కొంటూ వచ్చారు.

ఇటువంటి వ్యాసానికి విలువ ఎక్కడి నుండి వస్తుందో విద్యార్థులు గమనించాలి. ఒక ఊరిలో పక్షులు చాలా ఉన్నవని చెప్పడము కబురు మాత్రమే. ఏ ఊరిలో, ఏ సంవత్సరములో, ఏ జాతి పక్షి, ఏమి చేస్తూ ఉండగా చూచినదీ వ్రాసి, ఇతరులు సరిచూచుకొనగల చోట ప్రచురిస్తే అది ఆధారమవుతుంది. ఎగిరిపోతూ కనబడిన పక్షి ఎక్కడి నుండి వచ్చినదైనా కావచ్చును. గూడు కట్టిన పక్షి ఆ నేలకు చెందినది. కనుక గూళ్ళను గురించిన నమోదుకు పక్షిశాస్త్రములో ప్రత్యేక స్థానమున్నది.

అధ్యాపకుడు, రచయిత

తరువాతి జీవితములో నీలకంఠన్ కేరళలోని పలు కళాశాలలలో ఆంగ్ల సాహిత్యము బోధించాడు. ఆ రాష్ట్రపు పక్షులను గురించి సలీం అలీ 1933లో తిరువాన్కూరు, కొచ్చిన్ సంస్థానాలలో జరిపిన సర్వే ఆధారముగా వ్రాసిన గ్రంథము 1953లో వెలువడింది. అది ఆంగ్లములో ఉన్నది. పల్లెటూరి పాఠశాలలో చదివే పిల్లవానికి, పత్రిక మాత్రమే చదివే గృహస్థునికి అది అందేది కాదు.

ఈ అవసరాన్ని గ్రహించి నీలకంఠన్ మలయాళ పత్రికలలో పక్షులను గురించి వ్యాసాలు వ్రాశాడు. కేరళత్తిలె పక్షికళ్ గ్రంథమును 1958లో కేరళ సాహిత్య అకాడమి ప్రచురించింది. అకాడమి ఏర్పడి అప్పటికి రెండేళ్ళే అయింది. ఒక సాహిత్య సంస్థ పక్షుల పుస్తకమును ప్రచురించడము గమనింపదగిన విషయము. ఆ గ్రంథము తరువాత పలుమార్లు పునర్ముద్రణ పొందింది.

మాతృభాషలో ప్రకృతిని గురించి వ్రాసేవారికి ఎదురయ్యే మొదటి కష్టము పేర్లు. ఒకే పక్షికి ఊరికొక పేరు ఉంటుంది. వేరువేరు పక్షులకు ఒకే పేరు కూడా ఉంటుంది. తెలుగులోనూ ఇదే స్థితి. కొంగ అన్న మాట ఎన్ని జాతులకు వాడతామో చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. శాస్త్రానికి ఒక జాతికి ఒకే పేరు కావాలి. పాఠకునికి తాను ఎరిగిన పేరు కావాలి. పక్షులపై మలయాళములో తొలి ప్రామాణిక గ్రంథములలో ఒకటైన ఈ పుస్తకము ఆ రెండు అవసరాలను కలిపింది. కేరళలో తరువాతి తరము పరిశీలకులలో అనేకులకు పక్షులతో తొలి పరిచయము ఈ పుస్తకము ద్వారానే కలిగింది.

సైలెంట్ వ్యాలీ ఉద్యమము

1970లలో పాలక్కాడు జిల్లాలోని సైలెంట్ వ్యాలీ అడవిలో కుంతిపుళ నదిపై జలవిద్యుత్ ఆనకట్ట నిర్మించే ప్రతిపాదన తీవ్ర వివాదానికి దారితీసింది. ఎప్పుడూ పచ్చగా ఉండే ఆ వర్షారణ్యము అరుదైన సింహవాల కోతికి నివాసము. ఆనకట్ట కడితే నది పక్కనున్న అడవి మునిగిపోతుందని ప్రకృతి ప్రేమికులు అభ్యంతరము చెప్పారు. విద్యుత్తు, ఉద్యోగాలు కావాలని కోరినవారు కూడా అనేకులు. కనుక ఇది సులభమైన వాదన కాలేదు.

కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు, కవయిత్రి సుగతకుమారి వంటివారు ఈ ఉద్యమమును ప్రజలలోనికి తీసుకొని వెళ్ళారు. నీలకంఠన్ కూడా తన స్వంత ప్రాంతానికి చెందిన ఈ అడవి కోసము నిలబడిన ప్రముఖులలో ఒకడు. దేశవ్యాప్త చర్చ తరువాత 1983లో ప్రభుత్వము ఆ పథకమును విరమించుకొన్నది. 1984లో సైలెంట్ వ్యాలీ జాతీయ ఉద్యానవనముగా ప్రకటించబడింది. 1985 సెప్టెంబరు 7న అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ దానిని ప్రారంభించాడు.

అడవిలో ఏమున్నదో చెప్పగలవారు లేకపోతే ఆ అడవి తరఫున వాదించడము సాధ్యము కాదు. అంతకు ముందు రెండు దశాబ్దాలుగా మలయాళములో సాగిన ప్రకృతి రచన ఆ వాదనను వినగల పాఠకులను తయారు చేసింది.

ఆరేడు తరువాత కొల్లేరు

సైలెంట్ వ్యాలీ నిలిచింది. ఆరేడుకు ఆ అదృష్టము కలుగలేదు. 1970లు ముగిసేసరికి ఆ ప్రాంతములోని గూడబాతుల స్థావరాలు లేకుండా పోయాయి. ఊరి చెట్లపై గూళ్ళు కట్టే పక్షికి చట్టబద్ధమైన రక్షణ కంటే ఊరివారి సహనమే ఎక్కువ అవసరము. చెట్టు ఒకరి స్వంత ఆస్తి. రెట్టల వాసన, పిల్లల అరుపులు ఆ ఇంటివారు భరించాలి. రెట్ట ఎరువుగా పనికి వస్తుంది కనుక కర్ణాటకలోని కొక్కరెబెళ్ళూరు వంటి చోట్ల రైతులు ఈ పక్షులను ఆదరించారు.

కొల్లేరు స్వరూపము కూడా మారిపోయింది. 1970ల నుండి సరస్సు గర్భములో చేపల చెరువులు త్రవ్వడము మొదలై, 1980లలో విస్తరించింది. చెరువుల గట్లు నీటి ప్రవాహాన్ని ఆపాయి. ఏలూరు, విజయవాడల నుండి వచ్చే మురుగు, చేలలోని ఎరువులు, పురుగుమందులు సరస్సులో చేరాయి. 1999లో సరస్సులో 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతము వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించబడింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలగా రామ్సర్ జాబితాలో చేరింది. 2005-06లో అక్రమ చెరువుల గట్లను తొలగించిన చర్యను కొల్లేరు ఆపరేషన్ అంటారు. జీవనాధారము కోల్పోయిన లంక గ్రామాల ప్రజల బాధ, సరస్సు రక్షణ అవసరము రెండూ అప్పటి నుండి చర్చలో ఉన్నాయి.

గూడబాతులు కొల్లేటికి పూర్తిగా దూరము కాలేదు. కైకలూరు సమీపములోని ఆటపాక పక్షి కేంద్రములో నీటి నడుమ నిలిపిన కృత్రిమ మంచెలపై గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుంటున్నాయి. రాష్ట్రములో పులికాట్ సరస్సు సమీపాన గల నేలపట్టు (1976లో అభయారణ్యము), గుంటూరు వద్దనున్న ఉప్పలపాడు, శ్రీకాకుళము జిల్లాలోని తేలినీలాపురము కూడా ఈ పక్షికి ఆశ్రయము ఇస్తున్నాయి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము 2007లో ఈ జాతిని ప్రమాదానికి లోనైన వాటి వర్గము నుండి ప్రమాదానికి చేరువలో ఉన్న వర్గానికి మార్చింది. ఇది పరిస్థితి కొంత మెరుగైనదనడానికి సూచన.

ఆటపాకలో నేడు వందల పక్షులను చూచే సందర్శకునికి కొల్లేరు ఎప్పుడూ ఇలాగే ఉండేదని అనిపించవచ్చును. మంచెలపై కాక, ఊళ్ళలోని చెట్లపైననే ఇవి గూళ్ళు కట్టిన కాలమొకటి ఉన్నదని చెప్పేది 1949 నాటి వ్యాసమే. పూర్వస్థితి తెలియనిదే నష్టము ఎంతో, పునరుద్ధరణ ఎంతవరకు జరిగిందో లెక్క కట్టలేము.

మరణము, వారసత్వము

నీలకంఠన్ 1992 జూన్ 14న తన 69వ ఏట మరణించాడు. ఈయన ఆశించిన పని తరువాతి తరములో విస్తరించింది. వృత్తి శాస్త్రజ్ఞులు కాని సామాన్యులు పరిశీలనలు సేకరించి శాస్త్రానికి అందించడాన్ని ఇప్పుడు పౌర విజ్ఞానము అంటున్నారు. 1987 నుండి ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతున్నది. కేరళలో 2015 నుండి 2020 వరకు వేయి మందికి పైగా స్వచ్ఛంద పరిశీలకులు రాష్ట్రమంతటా పక్షులను లెక్కించి ఒక పక్షి పటమును రూపొందించారు. అందులో 361 జాతులకు సంబంధించి సుమారు 3 లక్షల నమోదులు ఉన్నాయి. మాతృభాషలో ఆరు దశాబ్దాల క్రితమే పక్షుల పుస్తకము ఉన్న రాష్ట్రములో ఇది జరగడము ఆశ్చర్యము కాదు.

ఆంధ్రదేశముతో నీలకంఠన్ సంబంధము ఒక ఊరికి, ఒక వ్యాసానికి పరిమితము. అయినప్పటికీ కొల్లేటి సీమ ప్రకృతి చరిత్రలో దానికి చెరగని స్థానమున్నది. ఆరేడు చెట్లపై గూళ్ళు ఇప్పుడు లేవు. అవి ఉన్నప్పుడు ఒక యువకుడు ఆగి చూచి, వ్రాసి పెట్టాడు కనుక అవి చరిత్రలో మిగిలాయి.